బెల్లానికి హాని చేసిన తీగ

అనకాపల్లి మ్యూజియంలో మెట్లెక్కగానే ఎడమచేతి వైపు అద్దాల బీరువాలో ఒక వైర్‌లెస్ యంత్రం ఉంది. దాని కింద అట్టముక్క మీద ఇలా రాసి ఉంది: ‘ఈ యంత్రము పొరుగు గిడ్డంగులలోని బెల్లమునకు హాని చేసినందున దీని వాడుక నిలిపివేయబడినది.’ అది అబద్ధం. ఆ యంత్రం నాది. దానివల్ల ఎవరి బెల్లమూ చెడలేదు. దాన్ని ఆపడంవల్ల మాత్రం ఒక ఇల్లు చెడింది. ఆ ఇంటి గురించి ఆ అట్ట మీద ఒక్క అక్షరం లేదు.

నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాను. నాలుగో తరగతితో బడి మానేసి గడియారాలు బాగుచేసే కొట్లో కూర్చున్నాను. ఇంగ్లీషు నాకు మాస్టార్లెవరూ చెప్పలేదు. అట్ట ఊడిన ఒక నిఘంటువు చెప్పింది. తంతి భాష రైల్వేస్టేషన్ చెప్పింది. తంతి గది కిటికీ కింద బల్ల మీద కూర్చుని లోపలి టిక్కుటిక్కుల్ని మోకాలి మీద వేలితో కొట్టుకుంటూ నేర్చుకున్నాను. “బండెక్కవు, బండి దిగవు, రోజూ వచ్చి ఈ బల్లని అరగదీత్తావేట్రా?” అని పోర్టరు కసిరేవాడు. ఇదంతా గొప్పకు చెప్పడం లేదు. తరవాత బెల్లం బజారులో నన్ను చదువులేని మంత్రగాడన్నారు. అందుకని, ఎంత చదివానో, ఎక్కడ చదివానో ముందే చెప్పి పెడుతున్నాను.

యుద్ధం జరిగినన్నాళ్ళూ వైర్‌లెస్ మాటెత్తితే జైలే. యుద్ధం ముగిశాక సర్కారు మళ్ళీ లైసెన్సులివ్వడం మొదలుపెట్టింది. జీతం కోసం కాక, సరదా కొద్దీ, పరీక్ష ప్యాసై, సొంత యంత్రంతో ఆకాశంలో ఒకరినొకరు పలకరించుకునే వాళ్ళకిచ్చే లైసెన్సు అది. మద్రాసు వెళ్ళి పరీక్ష రాసి తెచ్చుకున్నాను. మిలిటరీ వాళ్ళు వదిలేసి వెళ్ళిన సామాన్లు విశాఖపట్నంలో తూకానికి అమ్ముతుంటే వాల్వులూ మీటలూ ఏరుకొచ్చి యంత్రం కట్టాను. దాని కరెంటుకు చేతితో తిప్పే డైనమో ఒకటి దొరికింది. మీట మీద నేను కొడుతున్నంతసేపూ ఒక మనిషి దాన్ని తిప్పుతూనే ఉండాలి. వినడానికి మాత్రం మోటారు బ్యాటరీ చాలు.

యంత్రాన్ని ఇంట్లోనే పెట్టుకునేవాణ్ణి. మ్యూజియం ప్రెసిడెంటు వచ్చి అడిగాడు. ఆయన బెల్లం వ్యాపారి, మ్యూజియానికి తన గిడ్డంగి పక్క మేడగది ఇచ్చినవాడు. నా ఈడువాడే. ఏ చుట్టరికమూ లేకపోయినా ఊళ్ళో మగవాళ్ళందరిలాగే మేమూ బావా అంటే బావా అనుకునేవాళ్ళం.

“శంకరం కొండమీంచి బౌద్ధులనాటి ఇటికముక్కలు తెచ్చి పెట్టేం. రెండు రాగి నాణేలున్నాయి. విరిగిపోయిన కత్తొకటుంది. ఎవుడొత్తాడు బావా సూడ్డానికి? మా ఇంటోళ్ళే రారు. నీ టిక్కుటిక్కు పెట్టు. జనం వత్తారు.”

“పాతవస్తువుల మధ్య కొత్తదెందుకు?” అన్నాను.

“పాతబడతాదిలే. నువ్వూ పాతబడతావు, నానూ పాతబడతాను. అప్పుడు అద్దాల పెట్టిలో పెడదాం.”

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను.

ఏరియల్ తీగ కట్టడానికి ఎత్తూ పొడుగూ కావాలి. మ్యూజియం పిట్టగోడ మీంచి ఆయన గిడ్డంగి కప్పు పొడుగునా లాగి, అటు చివర వెదురు గడకు కట్టాం. గడ పాతడానికి తన కళాసీలనే పంపాడాయన. ఈ సంగతి గుర్తుంచుకోమని మనవి. తీగ దొంగతనంగా కట్టింది కాదు.

సంతరోజుల్లో జనం విరగబడి వచ్చారు. ఇటుకల్ని చూసినట్టు చూసి నేరుగా నా బల్ల చుట్టూ మూగేవాళ్ళు. డైనమో తిప్పడానికి పోటీ. బెల్లం బస్తాలు మోసే కళాసీ ఒకడు దాన్ని విసురుగా తిప్పేసి, “ఇంత తిప్పితే మాయింటికాడ పిండైనా వచ్చును, దీన్లో ఏటొచ్చింది?” అనేవాడు. ఒకామె కొంగు నోటికడ్డం పెట్టుకుని, “మా మావ పలుకుతాడేటి బాబూ ఇందులో?” అని అడిగింది. వెనకనించి ఎవరో, “ఇంట్లో ఎదురుగా కూకుంటేనే పలకడు నీ మావ, దీన్లో పలుకుతాడేటే!” అన్నారు. గది గదంతా నవ్వింది. కొండకర్ల ఆవ, అంటే అక్కడి పెద్ద చెరువు, ఒడ్డునుంచి వచ్చిన ముసలి రైతొకడు హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకు విన్నాడు. తీసి, “మా ఆవలోకి సలికాలం వచ్చే పిట్టలు ఇలగే అంటాయి బాబూ. ఇయ్యి ఏ దేశం పిట్టలు?” అన్నాడు. 

నవ్విన రోజులు అవే. ఇక ముందు నవ్వేదేమీ లేదు.

యంత్రం కూర్చోవడానికి రేకు పీట చేసిచ్చినవాడు నా స్నేహితుడు, రేకు పనివాడు. లాంతర్లు, గరాటాలు, ట్రంకు పెట్టెలు చేసే సాయిబుల కుటుంబం వాళ్ళది. మా గడియారాల కొట్టుకు ఎదురు కొట్టు. వాళ్ళింటి పనికి ఒక గుర్తుంది. రేకు అంచును అందరూ బయటికి మడిచి సుత్తితో కొడతారు. వీళ్ళు లోపలికి మడిచి, మళ్ళీ ఇంకోసారి లోపలికి మడుస్తారు. రేకూ ఎక్కువ పడుతుంది, పనీ ఎక్కువ. ఎందుకంటే వాళ్ళ నాన్న అలా చేసేవాడు, అంతే. చేత్తో తడిమితే చాలు, చీకట్లోనైనా ఇది వాళ్ళ లాంతరని చెప్పవచ్చు.

అతని అన్న యుద్ధానికి ముందే రంగం వెళ్ళాడు. రంగం అంటే రంగూన్. మా వైపు నుంచి పొట్టపోసుకోవడానికి పడవెక్కినవాళ్ళందరూ వెళ్ళిన ఊరు. అక్కడా లాంతర్లే చేసేవాడు. బాంబులు పడ్డాక అడవులమ్మటా కొండలమ్మటా నడిచి ఎందరో తిరిగొచ్చారు. ఈయన రాలేదు. వచ్చినవాళ్ళలో ఒకడు, రేవు దగ్గర చూశానన్నాడు. ఇంకొకడు, నడవలేక అక్కడే ఉండిపోయాడన్నాడు. రాసిన ఉత్తరాలన్నీ తిరిగొచ్చాయి. వాళ్ళు ఉండిన వీధే కాలిపోయిందన్నారు.

ఆయన భార్య మా స్నేహితుడింట్లోనే ఉండేది. పెళ్ళయిన కొత్తలోనే ఆయన పడవెక్కాడు. ఆమెది చీడికాడ. పుట్టింటివాళ్ళు వచ్చి, మారు నిఖా చేస్తాం పంపమనేవారు. ఆమె ఒకటే మాట అనేది: “ఉన్నాడని తెలిత్తే కూకుంటాను. పోయేడని తెలిత్తే మీరన్నట్టే సేత్తాను. ఏదీ తెలకుండా ఎలగ?” తప్పేముంది ఆ మాటలో? పెద్దలు కూడా కాదనలేకపోయారు. ఒక్క కబురు కావాలి. చేదైనా సరే, కబురు కావాలి.

“బావా, దీన్లో రంగం పడతాదా?” అని అడిగాడు నా స్నేహితుడు.

పడుతుంది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు ఎండల్లో రంగూన్ స్టేషను ఒకటి నాకు వినబడింది. సాయంత్రం, మ్యూజియం మూసే వేళకు ముందు, స్పష్టంగా వచ్చేది. కాని లైసెన్సులో ఒక షరతు ఉంది. ఇంకొకరి కబుర్లు మోయకూడదు. మోస్తే అది తపాలావారి పొట్ట కొట్టడం. మేము మాట్లాడుకోవలసింది మా యంత్రాల గురించే. నా వాల్వు ఇది, నీ తీగ ఎంత ఎత్తు, ఇక్కడ వాన, అక్కడ ఎండ. అంతవరకే.

“కబురు పంపకూడదు,” అన్నాను.

అతను తల వంచుకుని డైనమో పిడిని గుడ్డతో తుడిచాడు. “ఆ రేకు పీట నీ యంత్రంలోది కాదేటి?” అన్నాడు.

నేనతని ముఖంలోకి చూశాను. అతను పిడినే చూస్తున్నాడు.

మర్నాడు సాయంత్రం అతను తిప్పుతుంటే నేనిలా కొట్టాను: మా స్టేషను యంత్రం ఒక రేకు పీట మీద ఉంది. దాని అంచు లోపలికి రెండుసార్లు మడిచినది. ఇలా మడిచేవాళ్ళు మా ఊళ్ళో ఒకే కుటుంబం. ఆ కుటుంబంలో ఇంకొకడు యుద్ధానికి ముందు మీ ఊళ్ళో ఫలానా వీధిలో లాంతర్లు చేసేవాడు. షరతు తప్పలేదు. అంతా నా యంత్రం గురించే చెప్పాను.

అవతలివాడు ఎవరో నాకు తెలియదు. స్టేషను గుర్తు తెలుసు, ముద్దుపేరు తెలుసు, అడ్రసు తెలియదు. కాని బుద్ధిమంతుడు. నా మాట పూర్తయ్యేదాకా విన్నాడు. తరవాత అతని మీట నెమ్మదిగా పలికింది. ‘మంచి పీట. నాకూ అలాంటిది కావాలి. పనివాడి కోసం చూస్తాను.’

చదివి చెప్పాను. నా స్నేహితుడు డైనమో ఆపాలన్న సంగతి మరచిపోయి తిప్పుతూనే ఉన్నాడు.

ఆ తరవాత వారానికి రెండు మూడుసార్లు పీట గురించే మా మాటలు. రంగూన్‌వాడు ఒకసారి, ఫలానా వీధి కాలిపోయిందన్నాడు. ఇంకోసారి, రేకు పనివాళ్ళు ఇప్పుడు నదివైపు ఉన్నారన్నాడు. ఇంకోసారి వాన ఉరుముల్లో ఏమీ వినబడలేదు. చివరికి ఒక సోమవారం ఇలా అన్నాడు: ‘టీ కొట్లో ఒక లాంతరు చూశాను. అంచు లోపలికి రెండు మడతలు. చేసినవాడు ఆ కొట్టుకు వస్తుంటాడట. పీట చేయమని అడగబోతున్నాను. శుక్రవారం చెబుతాను.’

లాంతరు పాతది కావచ్చు. చేసినవాడు ఇంకొకడు కావచ్చు. ఆ మాటే చెప్పాను. నా స్నేహితుడు విననట్టే ఉన్నాడు. డైనమో పిడి వదులైంది, రేకు వేసి బిగిస్తానని ఊడదీసుకుని ఇంటికి పట్టుకెళ్ళాడు. ఆ రాత్రి వాళ్ళింట్లో ఎవరూ అన్నం తినలేదని తరవాత విన్నాను. సంతోషానికో భయానికో తెలియదు.

ఇక బెల్లం సంగతి.

బెల్లం వానాకాలంలో చెమరుస్తుంది. అనకాపల్లిలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. పాకం బాగా ముదిరి దిగితే దిమ్మ రాయిలా ఉంటుంది, ఊకలో పెట్టి తలుపులు బిగిస్తే వానలు దాటుతుంది. తొందరపడి లేతపాకం దింపితే తలుపులకు ఎంత మట్టి మెత్తినా లాభం లేదు, దిమ్మ మెత్తబడి నీరుకారుతుంది. ఆ ఏడు ధర పైకి పోతోందని అందరూ తొందరపడ్డారు. వాన ముసురు పట్టింది. గిడ్డంగుల గుమ్మాల కిందనుంచి నల్లటి పాకం వీధిలోకి కారి చీమలు బారులు కట్టాయి.

ఆ మంగళవారం ఒరిస్సాలోని కటకం నుంచి, సరుకు కొన్న షావుకారు దాన్ని చూసుకోడానికి వచ్చాడు. నేను మ్యూజియం మెట్ల మీద ఉన్నాను. గిడ్డంగి తలుపు బార్లా తీసి ఉంది. కటకం షావుకారు ఒక దిమ్మ మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. వేలు లోపలికి దిగిపోయింది. బయటికి తీసి, దానివంకే చూస్తూ, వచ్చీరాని తెలుగులో అడిగాడు: “ఇది ఎందుకు ఇలాగ?”

ప్రెసిడెంటు దిమ్మలవైపు చూశాడు, తలుపువైపు చూశాడు, కళాసీలవైపు చూశాడు. తరవాత అతని చెయ్యి మెల్లగా పైకి లేచింది. వేలు నా తీగను చూపించింది.

“అదిగో. ఆ వైర్‌లెస్సు. కరెంటు దిగుతన్నాది.”

నేను మెట్లు దిగి వెళ్ళాను. “ఏటి బావా, ఏటంటన్నావు?” అన్నాను. అతను నావైపు చూడకుండా షావుకారుని భుజం పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు.

సాయంత్రానికి బజారంతా అదే మాట. మిగతా వ్యాపారులకు ఇది పండగైంది. వాళ్ళ దిమ్మలూ మెత్తబడ్డాయి, వాళ్ళనీ నిలదీసే కొనుగోలుదార్లున్నారు. తీగకు రెండు వీధుల అవతల ఉన్న గిడ్డంగిలో కూడా తీగవల్లే చెడిందన్నారు. “ఆడు టిక్కుమన్నప్పుడల్లా ఇక్కడ బెల్లం ఏడుత్తంది” అని ఒకడు. “కన్నీరు గావాల, ఉప్పగుందేమో నాకి సూడు” అని ఇంకొకడు.

బుధవారం నేనొక పని చేశాను. చీడికాడ రైతు దగ్గర ముదురు పాకం దిమ్మ ఒకటి తెచ్చి, యంత్రం నెత్తి మీదే పెట్టాను. బజారువాళ్ళను పిలిచాను. కళాసీ చేత కొత్త కర్రపిడి ఒకటి తాత్కాలికంగా బిగించి తిప్పించి, చెయ్యి నొప్పెట్టేదాకా మీట కొట్టాను. దిమ్మను చేతికిచ్చాను. పొడిగా ఉంది. గోరు దిగలేదు.

“ఇప్పుడేటంటారు?” అన్నాను.

వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఒక వ్యాపారి దిమ్మను నా చేతికి తిరిగిచ్చి తీరిగ్గా అన్నాడు: “దగ్గిరుంటే ఏటవుతాది బావా? దూరానికి కదా అది పనిసేసేది? నువ్వే కదా సంతరోజు మైకులా సెప్పేవు, రంగం దాకా పోతాదని.”

అందరూ ఘొల్లున నవ్వారు. నేను దిమ్మ పట్టుకుని మెట్లు దిగాను. ఇప్పుడైతే చాలా మాటలు తోస్తున్నాయి. తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు ఆ వ్యాపారికి రోజుకొక జవాబు చెబుతుంటాను. ఆయన పోయి ఎన్నాళ్ళో అయింది.

శుక్రవారం మధ్యాహ్నం చెరుకు కత్తితో నా తీగ కోసేశారు. గడ పాతిన కళాసీలే గడ పీకారు. నేను వెళ్ళేసరికి తీగ వీధి బురదలో పడి ఉంది, బెల్లపు బండి దానిమీంచే పోతోంది. దాన్ని చుట్ట చుట్టుకుని మ్యూజియానికి పరుగెత్తాను. తీగ ఎక్కడైనా కట్టుకోవచ్చు. కిటికీ ఊచకు కట్టినా ఎంతో కొంత పలుకుతుంది. యంత్రం ఉంటే చాలు.

మేడగదికి కొత్త తాళం వేసి ఉంది. తాళంచెవి ప్రెసిడెంటు దగ్గర. ప్రెసిడెంటు చుట్టాల పెళ్ళికని కోటవురట్ల వెళ్ళాడు. ఇంకో తాళంచెవి లేదన్నారు. ఉన్నా నాకివ్వరని నాకు తెలుసు.

నా స్నేహితుడు అప్పటికే ఆ మెట్ల మీద నిలబడి ఉన్నాడు. ఉతికిన జుబ్బా తొడుక్కున్నాడు, దాని మీద అత్తరు వాసన. చేతిలో డైనమో పిడి, కొత్త రేకు తొడుగుతో మెరుస్తోంది. అంచు లోపలికి రెండు మడతలు. నా చేతిలోని బురద తీగ చుట్ట చూశాడు. తలుపు చూశాడు. 

“పద,” అన్నాను. ఎక్కడికో నాకూ తెలియదు.

స్టేషన్ రోడ్డులో ఒక కాఫీ హోటల్లో పెద్ద రేడియో ఉండేది, దేశాంతరాల పాటలు కూడా పట్టేది. కాళ్ళావేళ్ళా పడి యజమానిని ఒప్పించాను. మామూలు రేడియోలో మా తంతి పలుకు టిక్కుటిక్కుమని వినబడదు. వట్టి గాలి హోరు ఉంటుంది. అవతల మీట నొక్కినప్పుడు ఆ హోరు కొంచెం తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది. ఎవరో ఊపిరి బిగపట్టి వదిలినట్టు. అలవాటైన చెవికి కూడా అది కష్టం. రంగూన్ పలికేచోటికి ముల్లు తిప్పి, చెవి రేడియో గుడ్డకు ఆనించి కూర్చున్నాను.

“పాటెట్టవయ్యా! ఏటీ బుస్సు?” అని బల్లల దగ్గర్నుంచి కేకలు.

“పావొచ్చిందేమో సూడండిరా రేడియోలోకి!”

“ఆగండి బాబూ, ఒక్క నిమిసం ఆగండి,” అని నా స్నేహితుడు బల్లబల్లకూ వెళ్ళి చేతులు జోడించాడు. పిడి చంకలో పెట్టుకుని.

హోరు తగ్గింది. పెరిగింది. తగ్గింది. మా స్టేషను గుర్తు అని నాకనిపించింది. మళ్ళీ అదే. మళ్ళీ అదే. పిలుస్తున్నాడు. పిలిచి ఆగుతున్నాడు, నేను పలుకుతానని. హోరు అలాగే ఉంటోంది. మళ్ళీ పిలుస్తున్నాడు. జవాబు లేకపోతే మనిషి తన మాట ఎందుకు చెబుతాడు? ముందు నేనున్నానని తెలియాలి కదా. నేను అక్కడే ఉన్నాను, చెవి ఆనించి. ఉన్నానని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

కొంతసేపటికి హోరు ఒకటే హోరైంది. యజమాని వచ్చి ముల్లు తిప్పి పాట పెట్టాడు.

“ఏటన్నాడు బావా?” అన్నాడు నా స్నేహితుడు.

“పిలిచేడు,” అన్నాను.

“మరి?”

“పిలిచేడు. అంతే.”

అతను ఇంటికి వెళ్ళి వాళ్ళ వదినకు ఏమని చెప్పాడో నేనడగలేదు.

ఆ తరవాతిది త్వరగా చెప్పేస్తాను, చెబితే నాకు రక్తం ఉడుకుతుంది. మ్యూజియం కమిటీ వాళ్ళందరూ సంతకాలు పెట్టి పైకి ఫిర్యాదు పంపారు. వైర్‌లెస్ ఆఫీసరొకడు వచ్చాడు. బెల్లం సంగతి విని నవ్వాడు, నాకు ప్రాణం లేచొచ్చింది. కాని ఊళ్ళో పెద్దమనుషులు ఇంతమంది కాదంటుంటే తానేం చేస్తానని యంత్రానికి లక్క ముద్ర వేసి పోయాడు. ముద్ర విప్పించుకోడానికి నేను చెయ్యని అర్జీ లేదు. విప్పేసరికి బర్మాలో అల్లర్లు. కొత్త తీగ కట్టి, అరువు యంత్రంతో ఎన్ని సాయంత్రాలు పిలిచినా ఆ గుర్తు మళ్ళీ వినబడలేదు. ఆ గుర్తే అడ్రసుగా రాసి కార్డులు పంపాను. ఒక్కటీ చేరిన జాడ లేదు. నా యంత్రం నాకిమ్మంటే, మ్యూజియంలో పెట్టింది మ్యూజియానిదేనన్నారు. దాన్ని అద్దాల్లో పెట్టి కింద ఆ అట్టముక్క తగిలించారు.

చీడికాడవాళ్ళు మరి రెండుసార్లు వచ్చి వెళ్ళారు. ఆమె తన మాట మీదే ఉంది. “రంగంలో లాంతరున్నాదంట కదా,” అనేది. ఆ ఒక్క లాంతరు వెలుగులో తన వయసంతా గడిపేసింది. చేతి గాజులు తియ్యలేదు, కొత్తవి తొడగలేదు. పగిలినవి పగలగా ఒక్కోటి మిగిలాయి. మరిది కొట్లో కూర్చుని లాంతరు బుడ్లకు మూతలు అతికేది. నేను ఎదురు కొట్లోంచి చూస్తూ ఉండేవాణ్ణి. కిరసనాయిలు లాంతర్లు అడిగేవాళ్ళు లేకుండా పోయిన రోజుల్లో ఆమె పోయింది. ఆ మరుసటి ఏడే నా స్నేహితుడూ పోయాడు. డైనమో పిడి వాళ్ళింట్లో గోడకు వేలాడుతుండేది. ఇప్పుడేమైందో.

ఆమె పోయిన నెల తిరక్కుండానే నేను ప్రెసిడెంటు ఇంటికి వెళ్ళాను. మా మధ్య అన్నేళ్ళుగా మాటలు లేవు. వీధి అరుగు మీద నులకమంచంలో పడుకుని ఉన్నాడు. కాళ్ళు వాచిపోయాయి. కొడుకులు లోపల ఫోనులో బెల్లం ధర అరుస్తున్నారు. నన్ను చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు.

“కూకో బావా,” అన్నాడు. “పాతబడ్డాం.”

నేను కూర్చోలేదు. జరిగిందంతా నిలబడే చెప్పాను. రేకు పీట, రెండు మడతలు, టీ కొట్లో లాంతరు, శుక్రవారం, కాఫీ హోటలు, ఒక్కో గాజూ. ఆయనకు కొంత తెలుసు, కొంత తెలియదు. కళ్ళు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడేమోననుకున్నాను. చివరికి అడిగాను: “నా యంత్రం నువ్వే ఉంచుకో. ఆ అట్ట తీయించు. బెల్లం తీగవల్ల చెడలేదని ఒక్క మాట నీ నోటితో అను. నేనడిగేది అంతే.”

లోపల కొడుకు అరుపు ఆగేదాకా ఆగాడు. తరవాత గొంతు తగ్గించి ఇలా అన్నాడు:

“తీగవల్ల కాదని నాకు ఆయేలే తెలుసు బావా. లేతపాకం దింపించింది నానే. కటకం షావుకారు వేలు దిమ్మలో దిగిపోయి అడుగుతుంటే నా సెయ్యి దానంతటదే పైకి లేసింది. లేసిన సెయ్యి దించడానికి ఇన్నేళ్ళూ సందు దొరకలేదు. దించితే ఇంకెవుడు కొంటాడు మా సరుకు? నా కొడుకులూ ఇదే యాపారం సేత్తన్నారు. అట్ట ఉండనీ. నాను పోయేక, ఆళ్ళు సూడకుండా, నువ్వే వచ్చి తీసుకుపో.”